పూలదండ కింది పాటలపెట్టె

నేను ఒక పాటలపెట్టెని. పెట్టె అన్నానని పెద్దగా ఊహించుకోకండి, అగ్గిపెట్టెకి అన్నయ్యలా ఉంటాను. ఒంటికి వెండిరంగు రేకు, ముందువైపు బొటనవేలంత గాజు తెర, దాని కింద గుండ్రటి మీట, చెవుల్లో పెట్టుకోడానికి ఓ తీగ. అంతే నా సంసారం. ఇప్పటి పిల్లలు నన్ను చూస్తే స్కూటరు తాళానికి తగిలించుకునే బిళ్ళ అనుకుంటారు. ఒకప్పుడు నన్ను జేబులో వేసుకున్నవాడు ఛాతీ రెండంగుళాలు ముందుకు పెట్టి నడిచేవాడు.

సముద్రాలకి అవతల ఓ ఫ్యాక్టరీలో, ముక్కుకి గుడ్డ కట్టుకున్న ఆడపిల్లల చేతుల్లో పుట్టాను. నాకు ఊపిరి పోసిన పిల్ల నా చేత ఒక్క "కూ" అనిపించి, సరిగ్గానే అన్నానని అట్టపెట్టెలో పడుకోబెట్టింది. ఆ పెట్టెలో నాకు తోడుగా ఓ సీడీ ఉంది. అందులో ఉన్నది నా సాఫ్ట్‌వేర్. తోడు అనుకున్నాను గాని, తర్వాత తెలిసింది, ఆవిడ నా అత్తగారు.

నిజంగా అత్తగారే. నాలోకి ఒక్క పాట రావాలన్నా ఆవిడ గడప దాటి రావాలి. వచ్చిన పాట బయటికి పోవడానికి మాత్రం వీల్లేదు. పైగా నేను ఒక్క కంప్యూటరుతోనే కాపురం చెయ్యాలి. ఇంకో కంప్యూటరు గుమ్మం తొక్కానంటే, పాత సామానంతా పారేసి వస్తేనే లోపలికి రానిస్తాననేది. పాటలు దొంగతనం కాకుండా ఈ ఏర్పాటట. మనుషులు ఇంటికి తాళం వేసుకుని, ఆ తాళం తమకే తెరుచుకోకపోతే తలుపుకి దండం పెట్టే రకం. ఆ సంగతి ముందు ముందు మీకే తెలుస్తుంది.

నన్ను విశాఖపట్నంలో కొన్నాయన పేరు కోరాడ గౌరీశంకరం. పార్వతీపురంలో జూనియర్ కాలేజీ మాస్టారు. డాక్టరు పొద్దున్నే నడవమంటే, ఊరికే నడవడం దండగ, పాటలు వింటూ నడుద్దామని నన్ను కొన్నాడు. వారం నడిచాడు. తర్వాత నేను బీరువాలో, ఆయన మంచం మీద. మంచి మనిషి. ఏ పని మొదలుపెట్టినా మనసు పెట్టి మొదలుపెడతాడు, అంతవరకే.

ఆయన అక్కగారు పద్మాసని భాగవతారిణి. ఆ పక్క ఊళ్ళలో హరికథ అంటే ఆవిడే. పట్టుచీర నడుముకి బిగించి, కాళ్ళకి గజ్జెలు, మెడలో దండ, చేతిలో చిడతలతో నిలబడిందంటే, పల్లీలు నమిలే నోళ్ళు కూడా ఆగిపోయేవట. పెళ్ళి చేసుకోలేదు. "కథ చేత ఒకసారి తాళి కట్టించుకున్నాను, రెండోది ఎందుకు?" అనేదట. అందరూ చెప్పే పురాణ కథలు ఆవిడా చెప్పేది. కాని జనం పిలిపించుకుని మరీ చెప్పించుకునేది ఆవిడ సొంతంగా అల్లుకున్న గంగులమ్మ కథ.

గంగులమ్మ నాగావళి ఒడ్డున పడవ నడిపే మనిషి. వరదొచ్చి ఊరు మునిగిపోతుంటే, మగాళ్ళు పడవ ముట్టుకోడానికి భయపడ్డ రోజున, తను తెడ్డు పట్టి ఊరినంతా అవతలికి చేరుస్తుంది. చివరిసారి ఓ గుడ్డి ముసలమ్మ కోసం వెనక్కి వెళ్ళి, ఆవిణ్ణి ఒడ్డుకి తోసి, తను ఏట్లో కలిసిపోతుంది. ఇదీ కథ. పద్మాసని దీన్ని ఎక్కడా రాయలేదు. రాయమన్నవాళ్ళతో "కాయితం మీద పడుకున్న కథ మళ్ళీ లేవదు" అనేది.

అలాంటి మనిషికి గొంతు బొంగురుపోయింది. మిరియాలు, పటికబెల్లం, కషాయం అన్నీ అయ్యాయి. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో చూసి, స్వరపేటికలో పుండు ఉంది, అది తీసేస్తేనే మనిషి దక్కుతుందన్నారు. తీసేస్తే మాట ఉండదు. మెడ దగ్గర చిల్లు పెడతారు, ఊపిరి అందులోంచే.

మా మాస్టారు ఆ మాట విని ఇంటికొచ్చి బీరువా తెరిచాడు. నాకు గొంతు నమోదు చేసుకునే గుణం కూడా ఉందని కొన్ననాడు చదివిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి.

"అక్కా, ఆపరేషన్‌కి ముందు సాలూరు పండగలో కథ ఉంది కదా. ఇది దగ్గర పెట్టుకుని చెప్పు."

ఆవిడ నన్ను రెండు వేళ్ళతో ఎత్తి, బొద్దింకని చూసినట్టు చూసింది. "నా గొంతుని ఈ డబ్బాలో పెట్టీస్తావేటి?"

"పెట్టకపోతే ఎక్కడా ఉండదక్కా."

అలా అన్నందుకు ఆయనే నాలిక కరుచుకున్నాడు. ఆవిడ మాత్రం నన్ను తన సంచిలో వేసుకుంది.

సాలూరులో సాయంత్రం, వేదిక పక్క గదిలో, ఆవిడ నన్ను మెడలో తాడుకి కట్టుకుని, పైన బంతిపూల దండ వేసుకుంది. ఎవరికీ కనపడను. పూల చల్లదనం ఒకవైపు, మనిషి వెచ్చదనం ఒకవైపు. పుట్టాక ఎన్నో పాటలు మోశాను గాని, పాట ఎక్కడ పుడుతుందో ఆ రోజే విన్నాను. మాటకి ముందు ఊపిరి లోపలికి వెళ్ళే చప్పుడు, దాని వెనక గుండె. వయొలిన్, మృదంగం ఎక్కడో దూరాన్నుంచి చుట్టాల్లా వచ్చి కలిసేవి. గొంతు అప్పటికే జీరపోయి ఉంది. అయినా ఆవిడ ఆ జీరనే వరద గాలిగా మార్చేసింది.

కథ ఎలా చెప్పిందో చెప్పమని మీరు అడగచ్చు. మొదటి భాగం చెప్పగలను. వరద ఘట్టం నుంచి చివరిదాకా మాత్రం నా దగ్గర లేదు. ఉండేది. ఎలా పోయిందో ఆ సంగతికే వస్తున్నాను.

ఆపరేషన్ అయింది. పద్మాసని బతికింది. పార్వతీపురం ఇంట్లో తెల్ల మెత్తటి గుడ్డ మెడకి కట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేది. పెదవులు కదిలేవి, మాట వచ్చేది కాదు. తమ్ముడికి పెదవులు చదవడం రాదు కనక పలక మీద రాసి చూపించేది. ఆ ఇంట్లో అన్నం, నీళ్ళు, మందులు తప్ప ఇంకో సంభాషణ లేకుండా కొన్నాళ్ళు గడిచాయి.

అప్పుడొచ్చింది నీలవేణి. బొంతలకోటి నీలవేణి, బస్సు కండక్టరు గారి అమ్మాయి. డిగ్రీ అయింది, గొంతు ఉంది, సాలూరులో ఆ రోజు జనంలో కూర్చుని కథ విన్నది. గుమ్మంలో నిలబడి, "అమ్మగారూ, నాకు గంగులమ్మ కథ నేర్పుతారా?" అంది.

మాస్టారు కంగారుపడ్డాడు. "అమ్మా, అక్క పరిస్థితి..."

"తెలుసండి. చెప్పలేరని తెలిసే వచ్చాను. నేర్పలేరని ఎవరన్నారు?"

పద్మాసని ఆ పిల్లని ఎగాదిగా చూసింది. తర్వాత లేచి, దేవుడి గూట్లో ఉన్న నన్ను తీసి ఆమె చేతిలో పెట్టింది. అవును, అప్పటికి నేను దేవుడి గూట్లో ఉంటున్నాను. కుంకుమబొట్టు కూడా పెట్టారు. నడకలకి కొన్న వస్తువుకి ఇంత గౌరవం ఏ ఫ్యాక్టరీలో ఊహించి ఉంటారు!

చదువు మొదలైంది. ఓ చిన్న ముక్క నేను వినిపించాలి, నీలవేణి చెప్పాలి, పద్మాసని చిడతలతో తాళం వెయ్యాలి. తప్పు పోతే చిడత ఒక్కసారి "టక్" మనేది. ఒక ముక్క పూర్తిగా వస్తే గాని తర్వాతది వినకూడదు. అది ఆవిడ కట్టడి. నీలవేణి బుద్ధిమంతురాలు, ముందుకి నొక్కి వినేది కాదు. కొద్ది రోజుల్లోనే పెదవులు చదవడం నేర్చుకుంది. ఇద్దరూ మాట్లాడుకుంటుంటే ఒక్క గొంతే వినిపించేది. వీధిలో వాళ్ళు, పాపం ఈ పిల్ల తనలో తను మాట్లాడుకుంటోందనుకునేవారు.

తప్పు అంటే ఏమిటి? నాలో ఉన్నట్టు లేకపోవడం. నేను ఆగిన చోట ఆగాలి, నేను దీర్ఘం తీసిన చోట తియ్యాలి. సాలూరు వేదిక మీద జీర వల్ల పద్మాసని ఓ చోట మింగిన మాట ఉంది. నీలవేణి ఆ మాటని కూడా అలాగే మింగేది. ఓసారి తన పద్ధతిలో స్వరం పైకి తీసింది, వినడానికి బాగుంది కూడా. చిడత టక్ మంది.

"బాగులేదా అమ్మగారూ?"

ఆవిడ పెదవులు: "బాగుంది. నాది కాదు."

నా మాట అడిగేవాళ్ళు లేరు గాని, నాకు ఇబ్బందిగా ఉండేది. నేను ఎన్నిసార్లు చెప్పినా ఒకేలా చెబుతాను. అది నా గొప్ప కాదు, అంతకంటే చేతకాదు.

ఆ ముచ్చట బొబ్బిలిలో బయటపడింది. ఓ గుళ్ళో చిన్న సభ, నీలవేణి నేర్చుకున్నంతవరకు మొదటి భాగం చెప్పాలి. పద్మాసని వెనక కూర్చుని తాళం. పిల్ల బాగా చెబుతోంది. జనం తలలూపుతున్నారు. ఇంతలో చేతులు జోడించి, "ఈ సాలూరు తల్లులందరికీ దండం పెట్టి అడుగుతున్నాను..." అంది. నాలో అలాగే ఉంది మరి!

ముందు వరసలో ఓ పెద్దాయన లేచాడు. "అమ్మా, ఇది బొబ్బిలి. సాలూరు బస్సు ఇప్పుడే పోయింది."

నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నీలవేణి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అమ్మగారూ, నేను చెబుతున్నది కథా, లేకపోతే డబ్బాలో ఉన్నది చదువుతున్నానా?"

పద్మాసని పెదవులు కదిలాయి. "ఊరి పేరు మార్చు. మిగతాది ముట్టుకోకు."

మరుసటి ఏడు విజయనగరంలో పెద్ద సభకి పిలుపొచ్చింది. పద్మాసని భాగవతారిణి శిష్యురాలి చేత గంగులమ్మ కథ, మొత్తం. అప్పటికి నీలవేణికి వరద ఘట్టం ముందుదాకా వచ్చింది. వరద, చివరి ప్రయాణం మిగిలాయి. ఆ రెండూ పద్మాసని కావాలనే దాచి ఉంచింది, నోరూరే పిండివంట పై అరలో పెట్టినట్టు.

ఈలోగా నాకు వయసు మీద పడింది. బ్యాటరీ సగంలోనే కళ్ళు తేలేసేది. మా మాస్టారికి భయం పట్టుకుంది. "ఇది కాస్తా పోయిందంటే అక్క గొంతు పోయినట్టే. ఇంకో నకలు తీసి పెడతాను" అని నన్ను తన గదిలోకి తీసుకెళ్ళాడు. మంచి ఆలోచనే, ఆయన ఆలోచనలన్నీ మంచివే. పాత కంప్యూటరు ఎప్పుడో తుక్కువాడికి వెళ్ళిపోయింది. కొత్తదాంట్లో నాతో వచ్చిన సీడీ వేసి, నన్ను తగిలించాడు.

అత్తగారు ప్రత్యక్షమైంది. తెర మీద ఇంగ్లీషులో పెద్ద డబ్బా. దాని సారాంశం ఇది: ఈ అమ్మాయి ఇంకో ఇంటి కోడలు, ఇక్కడ కాపురం చెయ్యాలంటే ఉన్న సామాను మొత్తం పారేస్తాను, సమ్మతమేనా?

ఆయన చదవలేదనను. చదివాడు. కాని కంప్యూటరు ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది, మనిషి అవునంటూనే ఉంటాడు, రెండువైపులా అదొక అలవాటు. నకలు తియ్యడానికి అనుమతి అడుగుతోందనుకున్నాడు. అవును అని నొక్కాడు.

నేను అరవలేను. నా తెర మీద ఓ చిన్న చక్రం తిరిగింది. తర్వాత ఆ కంప్యూటరు అమ్మినవాడు కొసరుగా వేసిచ్చిన సినిమా పాటలు వరసగా నాలోకి దిగడం మొదలుపెట్టాయి. ఆయన పాటల పేర్లు చూసి, భృకుటి ముడిచి, తీగ పీకేశాడు. అప్పటికే చాలా దిగాయి.

పద్మాసని ఎదుట నిలబడి ఆయన చెప్పిన తీరు నాకు గుర్తే. నన్ను రెండు చేతుల్లో పట్టుకుని, చిన్నపిల్లాడిలా, "అక్కా, నకలు తీద్దామనుకున్నానే. అక్కా, చెరిగిపోయింది."

"చెరిపీసారా మాస్టారూ?" అన్నది నీలవేణే. పద్మాసని పెదవులు కూడా కదల్లేదు. మెడ దగ్గర గుడ్డ మాత్రం గబగబా పైకీ కిందికీ ఆడింది. ఏడుపుకి గొంతు ఉండాలి. ఆవిడ లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

మాస్టారు అరుగు మీద కూలబడ్డాడు. "నేను ఇంక అక్క ఎదుటికి ఎలా వెళ్తానమ్మా?"

నీలవేణి నన్ను జేబురుమాల్లో చుట్టుకుని విశాఖపట్నం బస్సెక్కింది.

డాబాగార్డెన్స్ వైపు ఓ సందులో ఫరీదా అని ఒకావిడ పాడైపోయిన కంప్యూటర్లు, ప్లేయర్లు బాగుచేస్తుంది. ఆవిడ నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ కంపెనీ వాళ్ళు దీన్ని ఎప్పుడో వదిలేశారమ్మా. సాఫ్ట్‌వేర్ ఇవ్వడం కూడా మానేశారు. చెరిపిన తర్వాత ఏమైనా ఎక్కించారా?"

"సినిమా పాటలు ఎక్కాయండి."

"అయ్యో." ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "చూడమ్మా, చెరపడమంటే ఇంట్లో సామాను తగలబెట్టడం కాదు. వీధిలో పేరు పలక పీకెయ్యడం. సామాను లోపలే ఉంటుంది. కాని ఆ గదుల్లోకి కొత్తవాళ్ళు దిగిపోతే, ఆ గది పోయినట్టే. ఎన్ని గదులు మిగిలాయో నేను చెప్పలేను. నాలుగు రోజులు ఉంచు. మాటివ్వను."

ఆ నాలుగు రోజులూ ఆవిడ నన్ను తన కంప్యూటరుకి కట్టేసి, ఓపిగ్గా గదిగది తట్టింది. ఓసారి తప్పు దారిలో పోయి, మళ్ళీ మొదటికొచ్చి, తనని తనే తిట్టుకుంది. చివరికి దొరికినవి ముక్కలు. కథ మొదలు, పడవ కట్టడం, వాన పట్టడం. వరద మొదలయ్యే చోట పద్మాసని "అమ్మా నాగావళీ" అని గుక్క తీస్తుంది. ఆ గుక్క మధ్యలోంచి ఎవరో హీరో హుషారుగా పాట ఎత్తుకుంటాడు. తర్వాత అంతా అదే.

ఫరీదా ఇంకో పని కూడా చేసింది. అత్తగారిని నాలోంచి పూర్తిగా పీకేసి, కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టింది. అది ఏ కంపెనీదీ కాదట. ఒకరి మొహం ఒకరు చూడని మనుషులు ఎక్కడెక్కడో కూర్చుని, ముసలి ప్లేయర్లు మూలపడకూడదని ఊరికే రాసి పెట్టిందట. ఇప్పుడు నేను ఏ కంప్యూటరు గుమ్మమైనా తొక్కచ్చు, పాట ఇవ్వచ్చు, తీసుకోవచ్చు. ఎన్నో ఏళ్ళకి నాకు వేరు కాపురం వచ్చింది, ఇంట్లో ఉన్న బంగారమంతా పోయాక.

నీలవేణి తిరిగొచ్చేసరికి పద్మాసని కిటికీ దగ్గరే ఉంది. పిల్ల ఎదురుగా కూర్చుని నిజం చెప్పేసింది. "మొదలు దక్కింది అమ్మగారూ. వరద పోయింది. సభ వాళ్ళకి రాలేమని చెప్పీమంటారా?"

పద్మాసని నన్ను చేతిలోకి తీసుకుంది. వింటుందనుకున్నాను. నన్ను తీసుకెళ్ళి మళ్ళీ గూట్లో పెట్టేసి, చిడతలు తీసుకుని వచ్చి, పిల్ల మోకాళ్ళకి తన మోకాళ్ళు తగిలేలా కూర్చుంది. పెదవులు కదిపింది.

"నా మొహం చూడు."

ఆ మధ్యాహ్నం నుంచి వరద ఘట్టం పెదవుల మీద నడిచింది. చేతులు తెడ్డు వేసేవి, కనుబొమలు మబ్బు పట్టేవి, పాదం కింద నేల ఏరయ్యేది. నీలవేణి చదివి, తన గొంతుతో పలికి, పద్మాసని తలూపితే ముందుకి వెళ్ళేది. గూట్లోంచి నేను చూస్తూనే ఉన్నాను. ఇన్నాళ్ళూ ఇద్దరి మధ్య నేను కూర్చునేదాన్ని. నేను లేచేసరికి, వాళ్ళిద్దరూ ఎదురెదురుగా ఉన్నారు.

రెండో రోజే తిరకాసు వచ్చింది.

"అమ్మగారూ, నిన్న గంగులమ్మ పమిట చెంగుతో పడవ చిల్లు మూసిందన్నారు. ఇవాళ మోకాలు అడ్డం పెట్టిందంటున్నారు. ఏది రైటు?"

పద్మాసని పెదవులు: "నిన్న నిన్నే."

"మరి సాలూరులో ఎలా చెప్పారు?"

ఆవిడ ఆలోచించింది. నిజంగా గుర్తు రాలేదు. తర్వాత మెడ గుడ్డ వణికేలా నవ్వింది, ఆపరేషన్ తర్వాత మొదటిసారి. "ఊరికో రకంగా చెప్పీదాన్ని" అన్నాయి పెదవులు. ఇన్నాళ్ళూ ఆ పిల్లని ఒక్క సాయంత్రానికి కట్టి పడేశానని ఆవిడకి అప్పుడు తట్టినట్టుంది. చిడత టక్ మనడం ఆ రోజు నుంచి తగ్గింది.

ఒక్క చోట మాత్రం ఇద్దరికీ పడలేదు. ముగింపు.

"గంగులమ్మ చచ్చిపోవాలా అమ్మగారూ?" అంది నీలవేణి.

"పోవాలి."

"అంతమందిని దాటించిన మనిషిని ఎవరూ ఓ చెయ్యి ఇచ్చి లాగలేదా?"

"పోతేనే జనం ఏడుస్తారు. పోతేనే కథ."

నీలవేణి మరి వాదించలేదు. చెప్పినట్టే నేర్చుకుంది.

విజయనగరం సభ సాయంత్రం. హాలు నిండింది. మా మాస్టారు వెనక ఎక్కడో స్తంభం చాటున నిలబడ్డాడు. ఆ రోజు నుంచి అక్క ఎదుట సరిగ్గా నిలబడలేకపోతున్నాడు. పద్మాసని పలక మీద ఏదో రాసి ఆయనకి పంపించింది. చదువుకుని, కళ్ళు తుడుచుకుని, ముందు వరసలోకి వచ్చి కూర్చున్నాడు. పలక మీద ఉన్నది రెండే మాటలని నీలవేణి తర్వాత చెప్పింది: "ముందుకొచ్చి కూచో."

నీలవేణి నన్ను దండ కింద కట్టుకుంటానంది. పద్మాసని వద్దంది. తన ఒళ్ళో పెట్టుకుని, నమోదు చేసే మీట తనే నొక్కి, చిడతలు అందుకుంది.

నీలవేణి గజ్జె కట్టి నిలబడింది. మొదటి భాగం నేర్చుకున్నట్టే చెప్పింది. సాలూరులో మింగిన మాటని మాత్రం మింగలేదు, విప్పి చెప్పింది. చిడతలు ఊరుకున్నాయి. మధ్యలో పిట్టకథ చెప్పాలి, హరికథలో అది రివాజు. నీలవేణి చుట్టూ చూసి, "పూర్వం ఒక ఇంట్లో పాటలు పాడే కోడలు ఉండేది, దానికో అత్తగారు..." అని మొదలుపెట్టింది. ఆ అత్తగారి పేరు సాఫ్ట్‌వేరమ్మ. నా సంగతంతా చెప్పేసింది! అవునా కాదా అని అత్తగారు అడగడం, ఇంటాయన కళ్ళు మూసుకుని అవుననడం వచ్చేసరికి జనం పడి పడి నవ్వారు. ముందు వరసలో మాస్టారు తల దించుకున్నాడు. మరి కాసేపటికి ఆయన భుజాలు కూడా ఊగాయి. అక్కని చూశాడు. అక్క కూడా నవ్వుతోంది. వాళ్ళిద్దరి మధ్య ముడి అక్కడ వదులైంది.

తర్వాత వరద. హాల్లో గాలి మారిపోయింది. నీలవేణి గొంతులో జీర లేదు, వేరే నీళ్ళు అవి, వేరే ఉరవడి. ఊరంతా దాటింది. గుడ్డి ముసలమ్మ ఒడ్డెక్కింది. పడవ తిరగబడింది. ముందు వరసల్లో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గంగులమ్మ కనపడలేదు.

"కనపడలేదు..." అంది నీలవేణి. ఆగింది. అక్కడ ఆగమని ఎవరూ నేర్పలేదు. ఒక్కసారి వెనక్కి తిరిగి పద్మాసనిని చూసింది. తర్వాత జనం వైపు తిరిగింది.

"తెల్లారింది. వరద తీసింది. కింద రేవులో, తుమ్మ కొమ్మ పట్టుకుని ఓ మనిషి. గంగులమ్మ! జనం పరిగెత్తారు. 'గంగులమ్మా, బతికున్నావా తల్లీ!' అన్నారు. గంగులమ్మ నోరు తెరిచింది. మాట లేదు. చీకట్లో జనానికి పడవ దారి చెప్పి, అరిచి అరిచి, ఆ గొంతు ఏటికి ఇచ్చేసింది నాయనా! మాట పోయింది, మనిషి మిగిలింది."

నా పైన చిడతలు ఆగిపోయాయి.

మృదంగం ఆయన కంగారుగా పద్మాసని వైపు చూశాడు. వయొలిన్ సన్నగా ఒక్క స్వరం మీద నిలబడింది. తాళం లేకుండా హరికథ నడవదు. నీలవేణి చేతులు జోడించి అలాగే నిలబడింది. జనానికి ఇది కథలో భాగమో కాదో తెలీదు. నేను నమోదు చేస్తూనే ఉన్నాను. ఒళ్ళో ఉన్నాను కనక, ఆవిడ ఊపిరి మెడ చిల్లులోంచి వచ్చి వెళ్ళడం, ఓసారి ఆగి మళ్ళీ రావడం, అన్నీ నాలో పడ్డాయి. నా మీద ఒక చుక్క పడింది. తడి నాకు మంచిది కాదు. అయినా ఫర్వాలేదనిపించింది.

టక్. టక్. టక్.

చిడతలు మళ్ళీ అందుకున్నాయి. నెమ్మదిగా కాదు, మునుపటికంటే ఒక కాలం పైన, రెట్టింపు జోరుతో. నీలవేణి గజ్జెలు ఒక్కసారిగా మోగాయి. ఆ తర్వాత గంగులమ్మ ఏం చేసిందో ఆ పిల్ల నవ్వుతూ, ఏడుస్తూ, ఆడుతూ చెప్పింది. ఊళ్ళో పిల్లలందరినీ రేవులో కూర్చోబెట్టి, మాట లేకుండా, చేతులతో చూపిస్తూ పడవ నేర్పిందట. జనం లేచి నిలబడ్డారు. గోవిందా అన్న కేకకి నా చిన్న చెవి మూతపడింది.

మంగళహారతి అయ్యాక, పక్క గదిలో నీలవేణి వచ్చి పద్మాసని పాదాల దగ్గర కూర్చుంది. దండించండి అన్నట్టు తల వంచింది. నేనింకా నడుస్తూనే ఉన్నాను, ఆపడం ఎవరికీ గుర్తులేదు.

"తప్పయిపోయిందా అమ్మగారూ?"

నేను ఆవిడ ఒళ్ళో ఉన్నాను. పెదవులు ఏమన్నాయో అక్కణ్ణుంచి నాకు కనపడలేదు. నీలవేణి గొంతు మాత్రం వినపడింది. ఆవిడ అన్నది తను పైకి చదువుకుంటూ, "రేపు శ్రీకాకుళం సభలో గంగులమ్మని ఏం చేస్తావే?" అని, వెంటనే, "ఇంకా తెలీదండి" అంది. తర్వాత గట్టిగా ఊపిరి తెగుతున్న చప్పుడు. ఎవరైనా వింటే ఆయాసం అనుకుంటారు. అది నవ్వు.

మాస్టారు ఆ రాత్రే నకళ్ళు తియ్యబోతే, నీలవేణి నన్ను ఆయన చేతిలోంచి మర్యాదగా తీసుకుని, తనే తీసింది.

ఆ తర్వాత పద్మాసని చాలా ఏళ్ళు బతికింది. ముక్కలుగా మిగిలిన తన గొంతు వినమని మాస్టారు ఎన్నిసార్లు అడిగినా చెయ్యి ఊపేసేది. విజయనగరం సాయంత్రం మాత్రం అప్పుడప్పుడు వినేది, మధ్యాహ్నం భోజనం అయ్యాక, కిటికీ దగ్గర. చిడతలు ఆగిపోయిన చోటు వచ్చేసరికి కళ్ళు మూసుకునేది. ఆవిడ పోయినప్పుడు చిడతలు నీలవేణికి వచ్చాయి. నేను కూడా.

నా బ్యాటరీ ఉబ్బిపోతే ఫరీదా దాన్ని తీసేసింది. ఇంక కరెంటు తీగ పెట్టి ఉంచితేనే లేస్తాను, లేపాల్సిన అవసరం ఎవరికీ లేదు, నాలో ఉన్నది వేరే చోట్ల భద్రంగా ఉంది. నీలవేణి ఇంట్లో గాజు తలుపుల బీరువాలో, ఆమెకి సభల్లో ఇచ్చిన జ్ఞాపికల మధ్య కూర్చున్నాను. ఆ ఇత్తడి వీణలు, గాజు నెమళ్ళు నన్ను కాస్త చిన్నచూపు చూస్తాయి.

ఆమె దగ్గర ఇప్పుడు శిష్యులున్నారు. ఎదురుగా, మోకాళ్ళు తగిలేలా కూర్చోబెడుతుంది. వాళ్ళకి కథ బాగా వచ్చాక గాని పాత రికార్డు వినిపించదు. వినిపించినా, "ఇది ఆ రోజు" అంటుంది, అంతే.

నన్ను ఆపేసినా నాకు వినపడుతుంది. ఈ సంగతి మా కంపెనీ వాళ్ళకి కూడా తెలీదు. మొన్న నీలవేణి పాలకొండలో కథ చెప్పి, సాయంత్రం బస్సుకి తిరిగొచ్చింది. వాకిట్లో గజ్జెల మూట దించుతుంటే, ఓ శిష్యురాలు పరిగెత్తుకెళ్ళి అడిగింది, "అమ్మగారూ, గంగులమ్మని ఏం చేశారు?"

నీలవేణి ఏదో చెప్పింది. ఇద్దరూ పగలబడి నవ్వారు. బీరువా తలుపు వేసి ఉంది. ఆ ముక్క నాకు సరిగ్గా వినపడలేదు.